సుల్తాను బురుజెక్కిన సుప్పయ్య

రెండువేల ఇరవై నాలుగు, సెప్టెంబరు పద్నాలుగు, శనివారం, సాయంత్రం ఐదుంబావుకి మలేసియాలోని సుంగై సుమున్‌లో దొరసామి ఇంటి ముందు జొహోర్ రాష్ట్రం నంబరు కారొకటి వచ్చి ఆగింది. దిగినవాడి పేరు అప్పడు. దొరసామికి సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరి మధ్యా మూడేళ్ళుగా మాటల్లేవు.

"రా నాయనా," అంటూ ఎదురెళ్ళింది వదిన చిన్నతల్లి. "కాళ్ళు కడుక్కుని లోపలికి రా."

"ఇక్కడే కూకుంటాను ఒదినా," అన్నాడు అప్పడు. వసారాలో చివరి కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆమె కోపి, అదే అక్కడి కాఫీ, తెచ్చి పక్కన పెడితే దాన్ని ముట్టకుండా, తనతో తెచ్చుకున్న సీసాలోని నీళ్ళే తాగాడు. అన్న ఉన్న వైపు చూడను కూడా లేదు.

చిన్నతల్లి కప్పు మీద మూత పెట్టింది. వచ్చాడు, అదే పదివేలు. మర్నాడు భాద్రపద శుద్ధ ద్వాదశి, ఆమె అత్తగారి తిథి. ఆ ఇంట్లో తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు చెయ్యాలి. కానీ అత్తగారు పోయింది కరోనా రోజుల్లో. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి దారులు మూసేసిన కాలం. అప్పడు పోలీసులిచ్చిన కాయితం పట్టుకుని, అడ్డం పెట్టిన చోటల్లా ఆగి, బతిమాలుకుని వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. శ్మశానం వాళ్ళిచ్చిన వేళ ఎప్పుడో దాటిపోయింది. దొరసామే కొరివి పెట్టేశాడు. అప్పడు బూడిద ముందు నిలబడి, "అమ్మ నాది," అని ఒక్క మాటని, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయాడు. అదే ఆఖరు.

తిథి నాడు అమ్మకి విస్తరి వెయ్యడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పెద్దవాడు నీళ్ళ చెంబు పట్టుకుని తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవాలి. చిన్నవాడు పలికి చెయ్యి చాపాలి. పిలుపూ పలుకూ లేకపోతే అమ్మకి పెట్టినట్టే కాదు. గడిచిన రెండేళ్ళూ దొరసామి ఒక్కడే పెట్టాడు. రెండేళ్ళూ చిన్నతల్లి ఆ పూట అన్నం ముట్టలేదు. ఈసారి ఫోను మీద ఫోను చేసి మరిదిని ఒప్పించింది. "అమ్మకి పెట్టడానికి వస్తాను ఒదినా. ఆ మనిసితో మాటాడమని మాత్రం అడక్కు," అన్నాడతను. మాట లేకుండా ఎలా పెడతావని ఆమె అడగలేదు. ఆ ప్రశ్న తీసుకెళ్ళి రాములవారి పటం ముందు పెట్టింది.

వసారాలో ఇంకో ఇద్దరున్నారు. పక్కింటి లోగన్, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపిన తమిళాయన, రోజూ ఈ వేళకి కోపికి వస్తాడు. రెండో మనిషి సుమిత, దొరసామి కూతురి కూతురు. క్లాంగ్‌లో చదువుకుంటోంది. తెలుగంతా అర్థమవుతుంది గానీ నోటికి సరిగ్గా రాదు. ఆ పిల్ల ఫోన్లో ఏదో తుర్కీ సీరియల్ చూస్తోంది. తలపాగాలు, గుర్రాలు, ఏడుపులు.

"తాతా, ఈ సుల్తాన్ సో క్రూయల్ లా," అంది, అక్కడి వాళ్ళ అలవాటుగా చివర 'లా' తగిలించి.

దొరసామి గొంతు సవరించుకున్నాడు. చిన్నతల్లి చేటలో పప్పు పోసుకుని గుమ్మంలో కూర్చుంది. ఆ సవరింపు ఏమిటో ఆమెకి తెలుసు. మొగుడి కోతలన్నీ ఆమెకి కంఠతా వచ్చు: మామగారి తండ్రి సుప్పయ్య పులి దగ్గర చుట్ట ముట్టించుకున్నది, మొసలి మీద నది దాటినది, తెల్లదొరకి తెలుగు పద్యం నేర్పినది. ఈ సుల్తాను మాత్రం ఆమెకీ కొత్తే.

"సుల్తాన్ల సంగతి నీకేటెరికే పిల్లా. మన సుప్పయ్య తాత ఆళ్ళింటి ఉప్పు తిన్నాడు."

"ఎవరు, మీ తాతగారా? తుర్కీలోనా అన్నే?" అన్నాడు లోగన్.

"మరేటి! నేను ఉన్నదున్నట్టు సెప్తాను, కోతలు కొయ్యడం నాకు రాదు. మా తాత పినాంగు రేవులో ఓడకి కొబ్బరికాయలు ఎత్తతన్నాడు. ఎండ. అలిసిపోయినాడు. కాయల గుట్ట మీద అలా ఒరిగినాడు, కునుకు పట్టింది. ఇది ఎవులికైనా జరుగుతాది కదా? లేచి సూసేసరికి సుట్టూ హజ్‌కి ఎల్లే మలాయా పెద్దమనుసులు, తస్బీ జపమాలలు తిప్పుకుంటన్నారు. ఓడ జెడ్డా రేవులో ఉన్నాది."

"జెడ్డా దాకా నిద్రేనా?"

"కొబ్బరికాయల మీద పడుకుంటే ఎలాటి నిద్ర పడతాదో నువ్వు పడుకుని సూడు, అప్పుడు మాటాడు. సరే, ఆ రోజుల్లో జెడ్డా కూడా తుర్కీ సుల్తానుదే. అక్కడ తాత ఆకలేసి ఓ కాయ తీసి, రాయి లేదు, కత్తి లేదు, మోకాలికేసి కొట్టినాడు. రెండు సెక్కలు! నీళ్ళు ఒక్క సుక్క కింద పడలేదు. సుల్తాను మనుసులు సూసినారు. ఈడు మామూలోడు కాడని ఒంటె మీద ఎక్కించి, గుర్రం మీద ఎక్కించి, పడవ మీద ఎక్కించి, ఇస్తాంబూలు కోటకి తీసుకెల్లి వంటింట్లో పెట్టినారు. ఆ వంటిల్లు ఎంతనుకున్నావు? ఈ కొసన ఉప్పేస్తే ఆ కొసకి వార్త ఎల్లడానికి గుర్రపోడు కావాల. పొగగొట్టాలు సూస్తే కొబ్బరితోటే."

"ఐయో," అన్నాడు లోగన్. సుమిత సీరియల్ ఆపేసింది.

"ఆగండి, ఎన్నో ఏళ్ళ కిందటి సుల్తానులు కదా వీళ్ళు," అన్నాడు లోగన్ ఫోన్ వైపు చూస్తూ. "నాలుగొందలేళ్ళ నాటి సంగతి. మీ తాత బతికింది ఎప్పుడు?"

"మా తాతకి ఐసీ కార్డు ఉందా, పుట్టిన తేదీ ఉందా? ఎన్నేళ్ళు బతికినాడో ఎవులు సూడొచ్చినారు? అడ్డురాకు. తరవాత ఏటైందో ఎరికేనా? ఆ కోటలో మాటల్లేవు."

"అంటే?"

"అంటే మాటే లేదు. సుల్తాను ఎదట ఎవులూ నోరు తెరవకూడదు. మంత్రీ సైగే, బంటూ సైగే. అన్నం కావాలంటే సెయ్యి ఇలా. సాలంటే సెయ్యి అలా. వందల మంది మనుసులు, పిల్లి నడిసిన సప్పుడు కూడా లేదు. మా తాత కొబ్బరి కోరతా ఉంటే ఆ కోరు సప్పుడొక్కటే కోటంతా ఇనబడేది."

"ఈ ఇంట్లో లాగేనా?" అని నోరు జారాడు లోగన్. జారాక నాలిక కరుచుకుని తన కోపిలోకి చూసుకున్నాడు. అందులో ముంచిన బిస్కెట్టు ఎప్పుడో కరిగి అడుక్కి పోయింది.

అప్పడి వీపు కదలలేదు. చిన్నతల్లి పప్పులో రాయి ఏరుతూ మనసులో రామా అనుకుంది.

దొరసామి లోగన్ వైపే తిరిగి చెప్తున్నాడు. గొంతు మాత్రం రోడ్డు దాకా వినపడేలా పెంచాడు.

"ఆ సుల్తాను పుట్టుకతో అలాటోడు కాడు. సిన్నప్పుడు తమ్ముడితో కలిసి ఒకే గుర్రమ్మీద తిరిగినోడు. ఒకే కంచంలో తిన్నోడు. ఈడికి జొరమొస్తే ఆడు మూలిగేవోడు. ఆళ్ళింట్లో ఓ ఆచారం ఉంది. రాజు కొడుకైనా సరే, ఓ సేతిపని నేర్సుకోవాల. ఈడిది కంసాలి పని. ఆడిది వడ్రంగం. ఈడు తమ్ముడికి ఉంగరం సేసి పెడితే, ఆడు అన్నకి పీట సేసి పెట్టేవోడు. పెద్దయ్యాక తండ్రి సెరో దేశం ఇచ్చి ఏలుకోమన్నాడు. అలా ఉండగా తండ్రి పోయినాడు. పోయినాడన్న కబురు బయటికి పొక్కకుండా దాసినారు. ఎందుకో సెప్పు సూద్దాం?"

"ఎందుకు తాతా?"

"ఏ కొడుకు ముందు కోటకి సేరితే ఆడిదే గద్దె. పెద్దోడు దగ్గిరున్నాడు, సేరిపోయినాడు. సిన్నోడు దూరాన ఉన్నాడు. బయలుదేరకేటి, బయలుదేరినాడు. గుర్రం నురగలు కక్కేలా తోలినాడు. కానీ దారులు మూసేసినారు."

చేటలో చిన్నతల్లి వేళ్ళు ఆగిపోయాయి.

"అన్న మూయించలేదు లోగనూ. అది గుర్తెట్టుకో. ఎవులో మూసేసినారు. ఇక్కడ పక్కనున్నోళ్ళు వేళైపోతంది, వేళైపోతంది అని తరుముతన్నారు. శవం ఆగుతాదా? సెయ్యాల్సినోడు రాలేదు. ఉన్నోడు సేసేసినాడు."

రోడ్డు మీద మోటారుసైకిలొకటి పోయింది. అప్పడు సీసా మూత తీశాడు, నీళ్ళు తాగలేదు, మళ్ళీ బిగించాడు. చిన్నతల్లి మరిది మెడ వెనక చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు ఆ మెడకి తను తాయెత్తు కట్టింది. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడింకా బడికి పోతున్నాడు. తుర్కీ ఎక్కడుందో ఆమెకి తెలీదు గానీ, ఈ కథ తుర్కీది కాదని మాత్రం తెలిసిపోయింది. ఇంక ఇది ఎటు పోతుందో మరి.

"సరే, గద్దెక్కినాడు," అన్నాడు దొరసామి, గబగబా. "ఎక్కినాక ఏలుబడి ఎలాగుందనుకున్నావు? ఈ సముద్రం మీద ఆయన ఓడలే, ఆ సముద్రం మీద ఆయన ఓడలే. పొద్దున్న ఓ రాజు వచ్చి కాళ్ళ మీద పడితే, సాయంత్రం ఇంకోడు. బంగారం పెట్టడానికి సోటు లేక నేల మీద పరిసినారు. మా తాత వంటింట్లోకి నడిసెల్తే కాళ్ళు కాలిపోయేవి, అంత మెరుపు! కానీ ఆ ఇంట్లో ఇంకో సట్టం ఉంది. కొత్త సుల్తాను గద్దెక్కితే తమ్ముళ్ళని బతకనివ్వరు."

సుమిత అమ్మమ్మ వైపు తిరిగి, "అమ్మమ్మా, నిజమే. చంపుతారు. సిల్కు తాడుతో," అంది.

"ఆఁ, పట్టుతాడు! రాజరకతం నేల మీద పడకూడదు కదా. ఓ రోజు మాటల్రాని బంట్లు ఆ తాడు పట్టుకుని తమ్ముడి గదికేసి నడుస్తన్నారు. నడవాలో మా తాత కూకుని కొబ్బరి కోరతన్నాడు. సూసినాడు. కోరు కింద పెట్టినాడు. లేచినాడు. తాడు లాక్కున్నాడు. పరుగు!"

"ఐయయ్యో!"

"ఎనకాల కోటంతా పరుగు. ముందర దారి లేదు. ఎదట బురుజు ఉంది, ఆకాశానికి అంటిన బురుజు. తాత ఏటి సేసినాడో ఎరికేనా? ఆ పట్టుతాడునే బందం సేసి కాళ్ళకి తగిలించుకుని, కొబ్బరిసెట్టెక్కినట్టు సరసరా ఎక్కేసినాడు! మనిసిని సంపే తాడు, మా తాత కాలికి బందమైపోయింది!"

లోగన్ కుర్చీ అంచుకి జరిగాడు. చిన్నతల్లి చేట పక్కన పెట్టేసింది. ఆమెకి అబద్ధాలంటే పడదు. పైగా ఇది కడుపుబ్బిన అబద్ధమని తెలుసు. అయినా ఎర్రటి పట్టుతాడు కాళ్ళకి చుట్టుకుని ఆకాశంలోకి ఎక్కిపోతున్న ఆ మనిషి కళ్ళకి కట్టాడు. చేతులు జోడించాలనిపించింది.

"ఎక్కతన్నాడు. కాకులు కిందకెల్లిపోయినాయి. గద్దలు కిందకెల్లిపోయినాయి. మబ్బులు వచ్చినాయి, ఆకలేసి ఓ తుండు మబ్బు తిన్నాడు. మెరుపొచ్చింది, దానికి సుట్ట ముట్టించుకున్నాడు. గడ్డం పెరిగి నడుం దాకా వచ్చింది. కింద సూస్తే మక్కా అగుపడతంది, కాశీ అగుపడతంది, మన శ్రీకూర్మం గుడి అగుపడతంది, సుంగై సుమున్ అగుపడతంది. ఇదిగో, ఈ వసారాలో మా నాయన గోళీలాడుకోడం సూసినాడు తాత!"

"అప్పటికి మీ నాన్న పుట్టలేదు కదా అన్నే?"

"ఎత్తు లోగనూ, ఎత్తు! అంతెత్తు నుంచి సూస్తే ఊళ్ళే కాదు, ముందొచ్చే యేళ్ళు కూడా అగుపడతాయి!"

సుమిత నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"అక్కడ తలకి ఏదో తగిలింది. సల్లగా ఉంది. సూస్తే సందమామ! తాత సేతికి అలవాటు కదా, గుండ్రంగా ఏది అగుపడినా కోసేస్తాడు. నడుంకున్న కత్తి తీసినాడు, ఒక్క ఏటు! ఓ ముక్క ఎల్లి సుల్తాను జెండా మీద పడింది. అందుకే ఆళ్ళ జెండా మీద సందమామ అలా కొరికినట్టుంటాది."

"మన జెండా మీదా ఉంది కదా," అన్నాడు లోగన్.

"ఉండదేటి మరి? ఇంకో ముక్క తాత సంచిలో ఏసుకొచ్చినాడు!"

"మెల్లగా అన్నే, మెల్లగా లా! సోమవారం మలేసియా డే. ఎవరైనా వింటే ఏమనుకుంటారు!"

దొరసామి మెల్లగా అనలేదు గానీ గొంతు మారింది. కుర్చీలో ముందుకి వంగాడు. ఇప్పుడు అతను లోగన్‌ని చూడడం లేదు. తమ్ముడి వీపుకేసి చూస్తున్నాడు.

"సందమామ పోయేసరికి లోకం సీకటైపోయింది. సుల్తాను తల్లి బయటికొచ్చింది. ఆ కోటకి ఆమే పెద్ద, సుల్తానైనా ఆమె ముందు తలొంచాల్సిందే. 'ఒరే, నా కడుపున ఇద్దరు పుట్టినారు, ఇద్దరూ కావాల నాకు. ఆ సెట్టెక్కేవోడు ఏటి అడుగుతున్నాడో ఇచ్చెయ్,' అంది. మా తాత పైనుంచి అరిసినాడు. 'నాకు బంగారం వొద్దు, ఏనుగులు వొద్దు. నీ తమ్ముణ్ణి పేరెట్టి పిలు. పిలిస్తే దిగుతాను.' సుల్తాను సైగ సేసినాడు. అంతెత్తు నుంచి సైగేటి అగుపడతాది? నోటితో పిలవాల. ఎన్నేళ్ళో అయింది ఆ మనిసి నోరు తెరిసి. మంత్రులు సూస్తన్నారు. తల్లి సూస్తంది. పిలవాలనే ఉంది. పిలిస్తే పలకకపోతే? పలకకపోతే సుల్తాను పరువేటి కావాల? అయినా సుల్తాను నోరు తెరిసినాడు..."

అని ఆగిపోయాడు.

"తెరిచి?" అన్నాడు లోగన్.

"ఏమని పిలిచాడు తాతా?" అంది సుమిత.

దొరసామి చల్లారిన కోపి ఎత్తి తాగాడు. కప్పు ఖాళీ అయినా దించలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి నోట కథ మధ్యలో మాట ఎండిపోవడం చిన్నతల్లి మొదటిసారి చూసింది. పిలవవయ్యా, అనుకుంది. నీ సుల్తాను సంగతి తరవాత, ఆ ఒక్క పేరు పిలవవయ్యా.

"అబద్దం."

రోడ్డు వైపు తిరిగి ఉన్న కుర్చీలోంచి వచ్చిందా మాట. అప్పడు లేచి నిలబడ్డాడు. ముఖం కందిపోయి ఉంది.

"అంతా అబద్దం అన్నియ్యా! మన తాత సెట్టే ఎక్కలేడు!"

వసారా అంతా బిగుసుకుపోయింది. అప్పడికి తను ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా ధ్యాస లేదు.

"అరుగు మీంచి దిగడానికే గోడ పట్టుకునేవోడు తాత! పీటెక్కితే కళ్ళు తిరిగేవి! తోటలో అందరూ సెట్లెక్కితే ఆయన కింద కూకుని గునపానికి కాయలు ఒలిసేవోడు. సేతులు సూసినావు కదా నువ్వు, పగుళ్ళు! ఆ పగుళ్ళకి నూని రాసింది నేను. నువ్వు కాదు, నేను. బురుజెక్కినాడట! మన తాతని అలా ఆకాశంలో ఏలాడదియ్యడానికి నీకు మనసెలా ఒప్పింది?"

దొరసామి కప్పు కింద పెట్టాడు. కాసేపు తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు.

"అయితే మరి సందమామని ఎవులు కోసినారు?"

"నీ నాలిక కోసింది!"

లోగన్ మొదట నవ్వాడు. తర్వాత సుమిత. దొరసామి మీసం కింద పెదవి అదిరింది. "ఇంత బతుకూ బతికి, తాత ఎక్కలేడని లోగను ముందు సెప్పేస్తావట్రా ఎదవా," అన్నాడు.

"మరి అబద్దాలాడితే సెప్పరేటి!"

"ఆడు ఎక్కడికెల్లి సెప్తాడు? తమిళోడు నమ్మేసినాడు కదా!"

"నేనెక్కడ నమ్మినాను అన్నే!" అన్నాడు లోగన్, అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్నవాడు.

ఇద్దరూ మాటకి మాట పెంచుకుంటూ పోయారు. తాత గునపం ఎక్కడ పాతాడు, తాత చుట్ట పెట్టె ఏ రంగు, అమ్మ ఎవరిని ఎక్కువ కొట్టింది. చిన్నతల్లి లేచి లోపలికి వెళ్ళింది. రాములవారి ముందు నిలబడింది గానీ ఏమీ అడగలేదు. పద్ధతి తలకిందులైంది. పిలుపు రాకముందే పలుకు వచ్చేసింది. కానీ ఆ తల్లి అది చూసుకుంటుందా? వేడిగా ఇంకో కోపి కలిపి బయటికి తెచ్చింది. అప్పడు వాదిస్తూనే చెయ్యి చాపి అందుకున్నాడు, వాదిస్తూనే తాగేశాడు.

మర్నాడు పొద్దున్నే చిన్నతల్లి తలంటుకుని మడిగా వండింది. అత్తగారికి ఇష్టమైన గుమ్మడికాయ పులుసు, పెసర పప్పు, గారెలు, పరమాన్నం. పెరటి గదిలో తూర్పుముఖంగా అరటాకు వేసింది. అప్పడు తడిబట్టతో వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. దొరసామి చెంబు పట్టుకుని వెనక నిలబడ్డాడు. గుమ్మంలో సుమిత, ఆ పిల్ల వెనకాల చిన్నతల్లి.

"అప్పడూ," అన్నాడు దొరసామి.

"ఆఁ అన్నియ్యా."

నీళ్ళు అన్న చెంబులోంచి తమ్ముడి దోసిట్లోకి, దోసిట్లోంచి ఆకు చుట్టూ పడ్డాయి. అప్పడు ఒక్కొక్కటే వడ్డించాడు. వడ్డించి, వంగి, పక్కన ఎవరో కూర్చున్నట్టే చెప్పాడు. "అమ్మా, నేను, అప్పణ్ణి. ఆలిస్సమైపోయింది. తిను."

పెద్దలు తినేటప్పుడు చూడకూడదు. అందరూ బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశారు. సందులో, గోడ నీడన వరసగా నిలబడ్డారు. సుమిత ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది. కాసేపయ్యాక దొరసామి తమ్ముడి చెవి దగ్గరికి వంగాడు.

"ఒరే, పులుసులో ఉప్పు సరిపోయిందంటావా?"

"నోరు ముయ్యి అన్నియ్యా," అన్నాడు అప్పడు, తలుపు మీంచి చూపు తిప్పకుండా. "అమ్మ తింటంది."

దొరసామి నోరు మూసుకున్నాడు.